కంబాలను వాన కడిగేలోపు

పొద్దెక్కాక సౌభాగ్యం పొయ్యి మీద ఎసరు పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ సందు చివరికి నడిచేది. ఒర్లియంపేటలో వాళ్ల సందు పెద్ద రోడ్డును కలిసేచోట ఒక ఇనప కరెంటు కంబం ఉంది. దానికి చెవి ఆనించి కాసేపు నిలబడేది. మొగుడు లోకనాథన్ టెంపో నెల్లిత్తోపు దాటిందని కంబం చెబితే వెనక్కి వచ్చి ఎసట్లో బియ్యం పోసేది. ఇంకా బస్టాండు దగ్గరే ఉందంటే మంట తగ్గించి పక్కింటి అరుగు మీద కూర్చునేది. సందులో ఆడవాళ్లందరూ అంతే. ఒకరు చెవి పెట్టి వింటుంటే ఇంకొకరు బిందె దించుకుని తన వంతుకు నిలబడేవాళ్లు.

ఊళ్లో బండ్లన్నీ దారి పక్క కంబాలతో మాట్లాడేవి. పోతూ పోతూ తామెవరో, ఎటు పోతున్నాయో, ఒంట్లో ఎక్కడ నొప్పిగా ఉందో కంబానికి చెప్పేవి. కంబం ఆ మాటను వెనక వచ్చే బండికి అప్పజెప్పేది. ఆ బండి దాన్ని ముందరి కంబానికి మోసుకుపోయేది. దూరం పోయేకొద్దీ ఇంకా నూరు మాటలు కలిసి అసలు మాట పలచబడిపోయేది కాబట్టి ఊరి బయట జరిగిందేదీ సందు చివరి దాకా వచ్చేది కాదు. వాన పడితే ఇంక చెప్పేదేముంది, పలక తుడిచినట్టు కంబాల్లో మాటలన్నీ కొట్టుకుపోయేవి.

పాండిచ్చేరిని పుదుచ్చేరి అని పిలవమని ప్రభుత్వం చెప్పిన ఏడాది, వానలు పడే ఐప్పసి నెలలో ఒకరోజు, కంబం లోకనాథన్ మాట చెప్పలేదు. మధ్యాహ్నం వెళ్లి విన్నది. లేదు. దీపాలు పెట్టే వేళకు విన్నది. ఎవరిదో ఆటో, ఎవరిదో చేపల బండి, మిల్లు బస్సు. దగ్గుతూ నత్తిగా మాట్లాడే తన మొగుడి డీజిల్ టెంపో గొంతు వాటిలో లేదు.

తెల్లారాక మరిది మణికంఠన్‌ను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు పోయింది. అక్కడ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి ఆమె చెప్పింది సగం విని, తమిళంలో, "తాగుతాడా?" అన్నాడు.

"తాగేవాడు. మానేసినాడు."

"మానేసినవాళ్లే ఎక్కువ తాగేది. ఏ సారాయంగడి వెనకాలో పడి ఉంటాడు. సాయంత్రానికి వస్తాడు పోమ్మా."

బయటికొచ్చాక మణికంఠన్ మోపెడ్ స్టాండు తీస్తూ తల ఎత్తకుండా అన్నాడు. "వదినా, ఆయన చెప్పిందీ తప్పుగాదు. అన్న సంగతి నీకు తెల్దా?"

"మణీ, ఆకాశం చూడు."

సముద్రం వైపు నుంచి మబ్బు లేస్తోంది. కాకులు అప్పుడే గూళ్లు వెతుక్కుంటున్నాయి.

"అది పడిందంటే ఇంక నా మొగుడు యాడ పోయినాడో చెప్పేది ఈ భూమ్మీద ఏమీ ఉండదు. నన్ను నెల్లిత్తోపు దాకా తీసకపో. తాగి పడున్నాడని కంబం చెబితే నేనే తన్ని లేపకొస్తాను."

నెల్లిత్తోపు కంబం దగ్గర దిగి చెవి పెట్టింది. నిన్నటి మాట అడుగున ఎక్కడో ఉంది. పైన పడ్డ బస్సుల మాటలన్నీ ఒక్కొక్కటే వదిలించుకుంటూ పోతే చివరికి దగ్గు వినబడింది. ఒక ఆడమనిషి, ఒక కుట్టుమిషను, పత్తుకన్ను అనే ఊరు.

"కిరాయికి పోయినాడు," అంది సౌభాగ్యం. "ఎవురో ఒకామెను, కుట్టుమిషనుతో పత్తుకన్నుకు తీసకపోయినాడు."

అక్కణ్ణుంచి కంబం కంబానికీ ఆగుతూ పడమరకు పోయారు. రెడ్డియార్‌పాళెంలో విన్నారు, మూలకుళంలో విన్నారు. గాలి లేచింది. మోపెడ్ వెనక కూర్చుని సౌభాగ్యం మాటిమాటికీ తల తిప్పి మబ్బును చూస్తోంది. అది తమ కంటే వేగంగా వస్తోంది.

విల్లియనూరు దాటాక రోడ్డు చీలేచోట ఒక సారాయంగడి ఉంది. దాని ముందర కంబానికి చెవి పెట్టిన సౌభాగ్యం కదల్లేదు.

"ఏమంటాంది?" అన్నాడు మణికంఠన్.

"తిరుగు దారిలో ఈడ నిలబడిందంట. చానా సేపు."

మణికంఠన్ అంగడి వైపు చూసి, మళ్లీ చూపు తిప్పుకున్నాడు. సౌభాగ్యం ముఖంలో నెత్తురు లేదు. ఇంటికి పోదామంటుందేమోనని అతను హ్యాండిల్ తిప్పాడు కూడా. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, ఇంకో చెవి మూసుకుని, నుదురు కంబానికి ఆనించి మళ్లీ విన్నది.

నీళ్లు, అంటోంది టెంపో. వేడెక్కిపోయింది, నీళ్లు పోశాడు. బ్రేకు మెత్తగా ఉంది. తొక్కితే దిగిపోతా ఉంది. రద్దీ లేని చెరువుకట్ట దారిన మెల్లగా పోదాం అన్నాడు.

ఆ మాట విని ఆమె కంబాన్ని రెండు చేతులా పట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచీ ఏ దేవుణ్ణీ అడగని వరం ఆ క్షణంలో అడిగింది. దేవుడా, వాడు తాగి పడి ఉండాల. ఈ అంగడి వెనకాలే పడి ఉండాల.

మణికంఠన్ పరుగెత్తి అంగడి వెనక చూసొచ్చాడు. అక్కడ ఖాళీ సీసాలు, ఒక కుక్క.

"ఎక్కు వదినా," అన్నాడు. అప్పటికే మోపెడ్ స్టార్ట్ చేసేశాడు.

చెరువుకట్ట రోడ్డు మొదలయ్యేసరికి వాన అందుకుంది. మొదట పెద్ద చినుకులు, ఆ వెంటనే తెర దించినట్టు. ఊసుటేరి చెరువు ఒక పక్క, ముళ్లచెట్లు నిండిన పల్లం ఒక పక్క, మధ్యలో సన్నటి తారు రోడ్డు. మొదటి కంబం దగ్గరికి సౌభాగ్యం పరుగెత్తింది. చెవి పెట్టింది. నీళ్లు జారే చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండో కంబం, మూడో కంబం. ఇనుము చల్లగా, పుట్టినప్పటి నుంచీ ఎవరి మాటా విననట్టు ఉంది.

"మామా!" అని అరిచింది. మేనమామ కొడుకే మొగుడు, బావను మామా అనడం ఆ వైపు అలవాటు కాబట్టి చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. "మామా, యాడున్నావు?"

వాన ఆ కేకను నోటి దగ్గరే నొక్కేసింది. మణికంఠన్ పల్లం వైపు దిగి ముళ్లకంపల్లో వెతికాడు. రెండు చేతుల నిండా గీతలతో పైకి వచ్చాడు. కట్ట పొడుగు చూస్తే చివర కనబడదు. సెల్‌ఫోను తీసి చూశాడు. సిగ్నల్ లేదు.

"మనుషుల్ని తీసకొస్తా వదినా. నువ్వీడే ఉండు."

"అంతలోపు చెరువు నిండదా? ఆయన కింద ఉంటే?"

ఆమె రోడ్డు మీద కూలబడి నెత్తి కొట్టుకుంది. అప్పుడు దూరంగా ఒక బస్సు హారను వినబడి చటుక్కున లేచింది. కంబాలు మరిచిపోయినా బండ్లు మరిచిపోవు. నిన్నటి నుంచి ఈ దారిన పోయిన బండి ఏదైనా ఉంటే దానికి కంబం చెప్పే ఉంటుంది. బండి లోపల వాన పడదు కదా.

రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాపి నిలబడింది. బస్సు ఆమెకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "చావడానికి నా బండే దొరికిందా?" అని తమిళంలో అరిచాడు. ఆమె బస్సు ముందర రేకుకు చెవి పెట్టింది. బస్సు విల్లుపురం నుంచి వస్తోంది. ఈ దారి దానికి ఈరోజే కొత్త. దానికేమీ తెలీదు. పక్కకు తప్పుకుంది.

ఆ తర్వాత వచ్చిన కారు అద్దాలు దించలేదు, ఆగలేదు. బురద చిమ్మి పోయింది. లారీ ఒకటి ఆమెను తప్పించబోయి కట్ట అంచు దాకా పోయి నిలబడింది. క్లీనరు దిగి కొట్టబోయాడు. మణికంఠన్ అతని కాళ్లు పట్టుకున్నాడు. "మా అన్న, సార్. మా అన్న కనబడలేదు." ఆ లారీ రాత్రి వేరే రోడ్డున వచ్చింది. దానికీ తెలీదు.

ఆమె గొంతు పోయింది. చీర ఒంటికి అంటుకుని, జుట్టు విడిపోయి, బండి వస్తే చాలు అడ్డం పడుతోంది. అంతలో ఇటుకల ట్రాక్టరు ఒకటి ఖాళీ ట్రాలీని దడదడలాడిస్తూ వచ్చింది. అది రోజూ ఈ కట్ట మీదనే ఇటుకలు కాల్చే సూళ నుంచి ఊళ్లోకీ, ఊళ్లోంచి సూళకీ ఇటుకలు మోసే బండి. నడిపే తంగవేల్ నడివయసు మనిషి. ఆమెను చూసి ఇంజను ఆపబోయాడు.

"ఆపొద్దన్నా, ఆపొద్దు!" అని ఆమె వేడి బానెట్టుకు చెంప ఆనించింది. చెంప కాలింది. తీయలేదు.

తూము కంబం చెప్పింది, అంటోంది ట్రాక్టరు. తూము కింద ఒక బండి పడుకుని ఉంది. నిన్నటి నుంచి ఒకటే మాట. ఇక్కడున్నాం. ఇద్దరం ఉన్నాం. ఇక్కడున్నాం.

"తూము యాడ అన్నా? తూము యాడ?"

తంగవేల్‌కు విషయం అర్థమై ముఖం నల్లబడింది. "నిన్నటి నుంచి నా బండి ఆ తూము మలుపు దగ్గర అదోలా మూలుగుతా ఉందమ్మా. డీజిల్లో నీళ్లు కలిసినాయేమో అనుకున్నా. ఒక్కసారి చెవి పెట్టి ఉంటే..." అని ఆమెను మడ్‌గార్డు మీదికి లాక్కున్నాడు. మణికంఠన్ ట్రాలీ ఎక్కాడు.

తూము దగ్గర కట్ట లోపలి వైపు ముళ్లకంప విరిగి, మళ్లీ మూసుకుపోయి ఉంది. రోడ్డు మీద నుంచి చూస్తే ఎవరికీ కనబడదు. కింద టెంపో పక్కకు ఒరిగి ఉంది. చెరువు నీళ్లు దాని కిటికీ దాకా వచ్చాయి. లోకనాథన్ స్టీరింగుకీ రేకుకీ మధ్య చిక్కుకుని, గెడ్డం పైకెత్తి, పైన ఉన్న కడ్డీని పట్టుకుని ఉన్నాడు. నీళ్లు అతని భుజాల దగ్గరున్నాయి.

సౌభాగ్యం జారుకుంటూ దిగి అతని తలను రెండు చేతులతో ఎత్తిపట్టింది.

"సౌభాగ్యం," అన్నాడు అతను, కళ్లు సరిగ్గా తెరవకుండా. "నేను తాగలే."

"తెలుసు మామా. తెలుసు. మాట్లాడొద్దు."

"కాలు తెలుస్తా లేదు."

తంగవేల్ ట్రాక్టరుకు ఇనప గొలుసు తగిలించి టెంపో రేకును లాగాడు. మణికంఠన్ నీళ్లలో మునిగి, అన్న కాలిని విడిపించాడు. పైకి తెచ్చి ట్రాలీలో పడుకోబెట్టినప్పుడు ఎడమకాలు మోకాలి కింద చూడలేకపోయారు. అతని ఒళ్లు చేపలాగా చల్లగా ఉంది.

"గోరిమేడు పెద్దాసుపత్రికి," అన్నాడు మణికంఠన్. "ఈ బండిలో ఎప్పటికి పోతామన్నా? ఊరంతా దాటాల. వానకు రోడ్లన్నీ జామై ఉంటాయి."

తంగవేల్ గేరు వేశాడు. సౌభాగ్యం మొగుడి తల ఒడిలో పెట్టుకుని, ఇంకో చేత్తో ట్రాలీ ఇనుమును తడుతూ ఉంది. "చెప్పు తల్లీ. ముందరికి చెప్పు. మనిషి పోతా ఉన్నాడని చెప్పు."

విల్లియనూరు వచ్చేసరికి వాన వెలిసింది. కంబాలన్నీ కడిగిన గిన్నెల్లా ఖాళీగా ఉన్నాయి. వాటిలో మొదట పడిన మాట ట్రాక్టరు మాటే. కలిసి పలచన చెయ్యడానికి వేరే మాట లేదు. అందుకని అది చిక్కగా, వేగంగా, ట్రాక్టరు కంటే ముందు పరుగెత్తింది.

మూలకుళంలో జనం, బస్సులు, సైకిళ్లు కిక్కిరిసి ఉండాల్సిన చోట బండ్లు రెండు వైపులా సర్దుకుని నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు తమ బండి ఎందుకు పక్కకు లాగిందో తెలియనట్టే కూర్చుని ఉన్నారు. పెద్ద కూడలి సిగ్నలు ఎర్రగా ఉన్నదల్లా దూరం నుంచే పచ్చగా మారింది. ట్రాక్టరు దాటేదాకా అట్లాగే ఉంది. చేతికర్ర పట్టుకున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి ఎత్తబోయి, కంబం వైపు ఒకసారి చూసి, దించేశాడు. దాని తర్వాత సిగ్నలు, ఆ తర్వాతది, గోరిమేడు దాకా అంతే. తంగవేల్ ఒక్కచోట కూడా బ్రేకు తొక్కలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఇద్దరు అటెండర్లు స్ట్రెచర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరు, ఎక్కడి నుంచి అని అడగలేదు. ఎత్తుకుని లోపలికి పరుగెత్తారు.

కాసేపటికి ఒక డాక్టరు బయటికి వచ్చాడు. చిన్నవాడు, కళ్లద్దాలు తుడుచుకుంటూ మాటలు వెతుక్కున్నాడు. "ప్రాణం నిలబెట్టొచ్చమ్మా. ఇంకాస్త ఆలస్యమైతే ఆ మాటా చెప్పలేకపోయేవాణ్ణి. కానీ కాలు మాత్రం..."

మణికంఠన్ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. మొగుడు టెంపో నడపడం తప్ప ఇంకో పని ఎరుగడని సౌభాగ్యానికి తెలుసు. క్లచ్చు తొక్కేది ఆ కాలే అనీ తెలుసు. చెంప మీద బానెట్టు కాల్చిన చోట బొబ్బ లేచింది. ఆ చెంపను తడి కొంగుతో ఒత్తుకుని, డాక్టరు ముందుకు వచ్చి నిలబడింది.

"కాలు మీరు తీసుకోండయ్యా," అంది. "మనిషిని నాకియ్యండి."