పుస్తకాలు పైకెక్కే కాలం

బూర్గంపాడులో గోదారి వైపు దిగే చర్చి వీధి మలుపులో చిన్న గ్రంథాలయం ఉండేది. రెండు గదులు, ముందొక వరండా. దాన్ని చూసుకునే పగిడయ్య పొద్దున్నే తాళం తీసి, చీపురు పట్టకముందే వంగి కింది అర చూసేవాడు. వానాకాలంలో అదే ముఖ్యమైన పని. పేపరు చదివేవాళ్లు తర్వాత వచ్చేవాళ్లు. అర సంగతి అడిగేవాళ్లు ముందే వచ్చేవాళ్లు.

"సారూ, ఏడిదాంక ఎక్కినయ్?" అని తండా నుంచి కూరగాయల గంపతో వచ్చే ద్వాలి రోడ్డు మీంచే కేకేసేది.

"రెండో అర."

"అయితే మేకలు ఇయ్యాల్టికి ఈడనే ఉంటయ్ తియ్," అని గంప సర్దుకొని సాగిపోయేది.

గోదారి పెరిగేముందు ఆ లైబ్రరీలో పుస్తకాలు పైకెక్కేవి. పొద్దుగూకేవేళ కోళ్లు కొమ్మ చేరినట్టు, ఎవరూ చూడనప్పుడు, ఒక్కో అరే. వారపత్రికలు తేలిక గనుక ముందు పోయేవి. పిల్లల బొమ్మల పుస్తకాలు ఒకదాన్నొకటి పట్టుకొని వెళ్లేవి. లావుపాటి నిఘంటువు మాత్రం పెళ్లింట్లో పెద్దమనిషిలా అందరికంటే ఆఖరున, ఆయాసపడుతూ చేరేది. నీళ్లు తీశాక వాటంతటవే దిగేవి. ఒకసారి ఖమ్మం నుంచి తనిఖీకి వచ్చినాయన పుస్తకాలు వరుసలో ఎందుకు లేవని అడిగాడు. "గోదారి, సార్," అన్నాడు పగిడయ్య. ఆయన కాగితం మీద 'గోదావరి' అని రాసుకొని, టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ వీధి చివర, నీళ్లకు అందరికంటే దగ్గరగా ఉన్నది విశ్రాంతమ్మ ఇల్లు. కొడుకు శాంతికుమార్ సారపాక పేపరు మిల్లులో షిఫ్టులకు పోయేవాడు. కోడలు తబితా, మనవరాలు జెస్సికా. వరదొచ్చిన ప్రతిసారీ వీధంతా ఎగువ బడికి చేరేది. విశ్రాంతమ్మ మాత్రం బైబిలు, మంచినీళ్ల చెంబు పట్టుకొని అటకెక్కి, నీళ్లు తీసేదాకా కీర్తనలు పాడుకుంటూ కూర్చునేది. ఆ ఇంటి తలుపుకు ఎన్నడూ గడి పెట్టేది కాదు.

దానికి కారణం ఆమె భర్త షాలేమ్‌రాజు. చర్చి బడిలో టీచరు. కొడుకింకా పలక పట్టని రోజుల్లో, లైబ్రరీ నుంచి మామిడి అంట్లు కట్టే పుస్తకం తీసుకొని, అవతలి ఒడ్డు రైతులకు చూపిస్తానని పడవెక్కాడు. "గడి పెట్టకు, వచ్చేసరికి చీకటి పడుద్ది," అని చెప్పి వెళ్లాడు. నడి గోదాట్లో పడవ బోల్తా పడింది. తక్కినవాళ్లు దొరికారు. ఆయన దొరకలేదు. ఆయన సంచీలోని పుస్తకమూ దొరకలేదు.

అందరూ ఆయన పోయాడన్నారు. విశ్రాంతమ్మ ఒప్పుకోలేదు.

"ఈ ఊరి పుస్తకం ఎన్నడన్న నీళ్లల్ల ఉన్నదా? ఎక్కి రాలేదంటే అది గోదాట్లె లేదు. అది అండ్ల లేదంటే ఆయనా అండ్ల లేడు. ఏ ఒడ్డుననో ఉన్నడు, వస్తడు. వచ్చేసరికి ఇంట్ల మనిషి ఉండాలె గదా!"

ఆ మాట వినగానే పాస్టరుగారు కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టేవారు.

రెండువేల ఆరు ఆగస్టులో వాన ఆగకుండా పట్టింది. పొద్దునకే పుస్తకాలు పై అర చేరాయి. కాసేపటికి బీరువాల నెత్తికెక్కాయి. మధ్యాహ్నానికి నిఘంటువుతో సహా దూలాల మీద ఉన్నాయి. అంత ఎత్తున వాటిని ఎవరూ ఎన్నడూ చూడలేదు. ద్వాలి లోపలికి తొంగిచూసి మేకల్ని ఎగువకు తోలింది.

తబితా సామాను మూట కట్టి అత్త ముందు కూర్చుంది. "అత్తమ్మా, పుస్తకాలు దూలాలెక్కినయట. ఈసారి అటక గూడ మునుగుద్ది. లెవ్వు."

"నువ్వు పో బిడ్డా. పిల్లకు జలుబున్నది, తలకు గుడ్డ కట్టు."

"నువ్వు రాకుంటే ఆయన రానంటుండు. ఆయన రాకుంటే నేను పోను. అందరం ఈడనే కూసుందాం."

"మీ మొగుడు పెండ్లాలకు గీ మొండితనం యాడికెళ్లి వచ్చిందే?"

"యాడికెళ్లేంది? ఎదురుంగనే కూసున్నది!"

విశ్రాంతమ్మకు నవ్వొచ్చింది. అయినా లేవలేదు. వాకిట్లోకి అప్పటికే ఎర్రనీళ్లు వచ్చాయి. శాంతికుమార్ పిల్లను భుజాన వేసుకొని, తల్లి వంకా నీళ్ల వంకా చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు పగిడయ్య వచ్చాడు. పంచె మోకాళ్ల పైకి కట్టి, తువ్వాలులో ఏదో చుట్టి పసిబిడ్డలా పట్టుకొని వచ్చాడు.

"పెద్దమ్మా, దూలం మీంచి చుక్క చుక్క నీళ్లు కారుతున్నయని నిచ్చెనేసి చూసిన. పుస్తకాలన్నీ పొడిగనే ఉన్నయ్. ఇదొక్కటే తడిసింది."

తువ్వాలు విప్పాడు. మామిడి అంట్ల పుస్తకం. అట్టకు ఇసుక అంటుకొని ఉంది. కుట్టు దగ్గర చిన్న నత్త ఒకటి నిద్రపోతోంది. నడుమ ఒక పేజీ మూల మడతపెట్టి ఉంది.

"పేజీలు మడతపెట్టకు షాలేమ్‌రాజు సారూ అని ఎన్నిసార్లు చెప్పిన్నో..." అని పగిడయ్య ఆగిపోయాడు.

విశ్రాంతమ్మ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకొని కొంగుతో ఒత్తింది. నత్తను తీసి మెల్లగా నీళ్లలో వదిలింది.

"అంత లోతుల నుంచి ఎక్కొచ్చినవా తల్లీ?" అంది పుస్తకంతో. "ఇన్నేండ్లు పట్టిందా?"

వాన పడుతూనే ఉంది.

"అయితే గోదాట్లెనే ఉన్నడు," అంది.

"అవ్, పెద్దమ్మా."

ఆమె మడతపెట్టిన మూల మీద చేయి వేసి, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. తర్వాత లేచింది. గోడకున్న షాలేమ్‌రాజు ఫొటో దింపి, బైబిలుతో పాటు కోడలి చేతికిచ్చింది. అందరినీ బయటికి పంపి, వెనకే తనూ వచ్చి, తలుపు దగ్గరికి లాగి బయటి గడి పట్టుకుంది. అది తుప్పు పట్టి కదల్లేదు. శాంతికుమార్ సాయానికి వచ్చాడు. "ఉండు నాయనా, నేనే పెట్టాలె," అని రోటి దగ్గరి పొత్రం తెచ్చి రెండు దెబ్బలు కొట్టింది. గడి పడింది. పుస్తకం గుండెకు ఆనించుకొని, వెనక్కి చూడకుండా వాగులా పారుతున్న వీధిలోంచి ఎగువకు నడిచింది.

ఆ వరదకు ఇల్లు కప్పుతో సహా మునిగింది. నీళ్లు తీశాక చూస్తే అటక లేదు, పై గోడలు లేవు. గడి పెట్టిన తలుపొక్కటి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ ఆదివారం చర్చిలో షాలేమ్‌రాజు పేరున మొదటిసారి జ్ఞాపకార్థ ప్రార్థన జరిగింది. అది ముగిశాక విశ్రాంతమ్మ ఎండలో ఆరబెట్టిన పుస్తకాన్ని లైబ్రరీకి తెచ్చింది.

"ఇగో పగిడయ్యా, ఆయన వాపసు ఇచ్చిండు. ఆలిశమైందని తిట్టకు."

"తిడితే గోదారిని తిట్టాలె పెద్దమ్మా," అని దాన్ని కింది అరలో పెట్టాడు.

ఆ పుస్తకం మళ్లీ ఎక్కలేదు. మరుసటి వానాకాలం తక్కినవన్నీ ఒకటొకటే పైకి పోతుంటే, అది ఉన్నచోటే ఉండిపోయింది. అలిసిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. అందుకే మబ్బు పట్టిన ప్రతిసారీ, కబురంపే పని లేకుండా విశ్రాంతమ్మే వచ్చేది. వంగి దాన్ని రెండు చేతులతో ఎత్తి, పై అరలో నిఘంటువు పక్కన కూర్చోబెట్టి, కొంగుతో అట్ట తుడిచి, జెస్సికా చేయి పట్టుకొని అందరికంటే ముందు ఎగువ బడికి బయలుదేరేది.