కుట్టు లేని అంగీ

వరంగల్ కొత్తవాడల దేవదానం మాటకు బరువెక్కువ అంటరు. బరువు సంగతేమో గని, ఆ మాట వినుడే అరుదు. డెబ్బై నాలుగేండ్ల మనిషి. యాభై ఏండ్లు జంపఖానాలు నేసిండు. పెండ్లి పందిట్ల, మీటింగుల, చర్చిల కింద పరిచే చారల జంపఖానాలు. వాటి మీద ఎంతమంది కూసున్నరో లెక్క లేదు. నేసినోడు ఎవరని అడిగినోడు మాత్రం లేడు. ఆయన కూడా ఎన్నడూ చెప్పుకోలే.

చదివింది మూడో తరగతి. ఆ మూడేండ్ల చదువుతోనే పెద్దక్షరాల బైబిలు ముందట పెట్టుకొని, పొద్దుగాల చాయ తాగకముందే, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువుతడు. ఆదికాండం నుంచి ప్రకటన దాకా పదకొండుసార్లు అయింది. పన్నెండోసారి నడుస్తాంది.

ఆయన భార్య రాహేలుకు చదువు రాదు. ఆమెకు టీవీ ఉన్నది. మోషే కథ వచ్చినా, రూతు కథ వచ్చినా ఒక్క సీరియల్ విడవది.

"ఏమయ్యా, జర వచ్చి చూడు. యోసేపును అన్నలందరు కలిసి బాయిల పడేస్తాండ్రు."

"ఎరికే" అంటడు దేవదానం బయటి నుంచే.

"ఎరికైతే ఏంది? పిలగాడు ఏడుస్తాండు, నీకు పాణం ఒప్పుతలేదా?"

ఆయన ఎన్నడూ టీవీ ముందట కూసోలే. బైబిలు వాక్యంల లేని మాటలు వాక్యంల మనుషుల నోట్లె పెడతరు, అది ఆయనకు గిట్టది. ఆ సంగతి ఎవరితోని అనలే. లేచి బయట కూసుంటడు, అంతే.

ఈసారి మాత్రం లేచి పోయేటట్టు లేదు. ఎందుకంటే సినిమా తీసింది ఆయన మనవరాలు.

జెస్సికా డిగ్రీ చదువుతాంది. చర్చి యూత్ పిల్లలను పోగేసి, గుడ్ ఫ్రైడే కోసం ఫోన్ల ఇరువై రెండు నిమిషాల సినిమా తీసింది. యేసు సిలువ కథ. అందుల ఒక సీను తన సొంతంగ రాసుకున్నది. తల్లి మరియమ్మ మగ్గం మీద కూసొని కొడుకు కోసం అంగీ నేస్తాంటది. కడపట సిలువ కాడ సైనికులు ఆ అంగీని చింపకుంట దాని కోసమే చీట్లు వేసుకుంటరు. తల్లి దూరం నుంచి చూస్తది.

చర్చిల చూపెట్టాల్నంటే సంఘ పెద్దలు ఒప్పుకోవాలె. పెద్దలు ఐదుగురు. ఇద్దరు సరే అన్నరు, ఇద్దరు వద్దన్నరు. ఐదో ఆయన దేవదానం.

"ఇంట్ల ఉన్న ఓటుకే గతి లేదాయె" అని రాహేలు నవ్వింది.

"నాయనమ్మా, నువ్వు జర తాతకు చెప్పరాదు?" అన్నది జెస్సికా.

"యాభై రెండేండ్ల సంది చెప్తాన్న. ఒక్కసారన్న 'ఊ' అన్నడేమో అడుగు."

శనివారం పగటీలి చర్చి కిటికీలకు దుప్పట్లు కట్టి పెద్దలకు సినిమా చూపెట్టిండ్రు. తప్పదు గనుక దేవదానం కూడా ముందటి కుర్చీల కూసున్నడు. సినిమా అయిపోంగనే యాకయ్య లేచిండు. యాకయ్య కాజీపేట రైల్వేల టికెట్ కలెక్టర్ చేసి రిటైర్ అయిండు. ఇప్పుడు సంఘానికి సెక్రటరీ. టికెట్ తనిఖీ చేసినట్టే వాక్యాన్ని తనిఖీ చేస్తడు.

"పిల్లా, మరియమ్మ అంగీ నేసిందని ఏ సువార్తల ఉన్నది? అధ్యాయం చెప్పు, వచనం చెప్పు."

"లేదు పెదనాన్నా. అది మేం ఊహించుకున్నది" అన్నది జెస్సికా.

"అగో! ఊహ! ఈ గ్రంథంల ఒక్క మాట కలిపినా శాపమే అని రాసి ఉన్నదా లేదా? పిల్లలు ఇది చూసి, రేపు సండే స్కూల్ పరీక్షల మరియమ్మ బట్టలు నేసేది అని రాస్తే ఎవరు జవాబుదారి?"

"మీరు ప్రసంగంల 'పేతురు అప్పుడు గిట్ల అనుకున్నడు కావచ్చు' అని చెప్తరు గదా. అది ఊహ కాదా?"

పాస్టర్ గారు మొకం తుడుచుకునే సాకుతోని నవ్వు దాచుకున్నరు. యాకయ్య గొంతు పెరిగింది. అటు నుంచి ఇంకో పెద్దాయన, చదువు రాని ముసలోళ్ళకు చూస్తేనే అర్థమైతదని వాదించిండు. చూసి చూసి తెర మీది మొకాన్నే యేసు మొకం అనుకుంటరని యాకయ్య అన్నడు. పావుగంట గట్లనే నడిచింది. ఆఖరికి పాస్టర్ గారు, "దేవదానం అన్నా, మీరు చెప్పండి" అన్నరు.

అందరు ఆయన దిక్కు తిరిగిండ్రు. ఆయన తెర దిక్కే చూస్తాండు.

"అంగీకి కుట్టున్నది" అన్నడు.

ఎవ్వరికి సమజ్ కాలే.

"రెండు పక్కల కుట్టున్నది. భుజం మీద కూడా. రాసింది ఏంది? కుట్టు లేదని." తెర దిక్కు వేలు చూపెట్టిండు. "రాయని దాని మీద కొట్లాడుతాండ్రు. రాసింది తప్పు చూపెట్టిండ్రు. అది ఎవ్వరు చూడలే."

యాకయ్య గబగబ యోహాను సువార్త తెరిసిండు. కండ్లద్దాలు సదురుకొని చదివిండు. పుస్తకం మూసి పక్కన పెట్టిండు. పదిహేను రోజులైతే గుడ్ ఫ్రైడేకు ముందటి మట్టల ఆదివారం. ఆనాడు తేలుద్దామని లేచిపోయిండ్రు.

ఇంటికి రాంగనే జెస్సికా బ్యాగు మంచం మీద ఇసిరికొట్టింది.

"తాతా, రెండు సెకండ్ల కంటె ఎక్కువ కనపడదు ఆ కుట్టు! అందరి ముందట ఇజ్జత్ తీసినవ్."

"కనపడ్డది."

"నీకు కనపడ్డది! అసలు కుట్టు లేకుంట అంగీ ఎట్ల వస్తది? టైలర్‌ను అడిగిన. అట్ల కానే కాదన్నడు."

"టైలర్‌కు ఏం ఎరిక?"

"మరి ఎవరికి ఎరిక?"

దేవదానం లేచి వసారాలకు పోయిండు. అక్కడ ఆయన మగ్గం ఉన్నది. నాలుగేండ్ల సంది నడుస్తలేదు. దాని మీద రెండు బియ్యం బస్తాలు, పాత కూలరు, జెస్సికా ఇంటర్ పుస్తకాల అట్టపెట్టె. ఒక్కొక్కటి దించుడు మొదలుపెట్టిండు.

రాహేలు వంటింట్ల నుంచి తొంగి చూసింది. చేతిల గంటె అట్లనే ఉన్నది. "పిల్లా, ఇగ ఫికర్ చెయ్యకు" అన్నది మెల్లగ. "బస్తాలు దించుతాండంటే మాట ఇచ్చినట్టే."

ఆదివారం పోంగనే పని సురువైంది. జంపఖానా దారం మొద్దుగుంటది, ఒంటికి పనికిరాదు. సన్నటి తెల్ల నూలు తెచ్చిండు. రాహేలు ఆ దారాన్ని కండెలకు చుట్టింది. రెండు తొక్కుడు చెక్కల మగ్గానికి ఇంకో రెండు చెక్కలు కట్టి, దారాలను ఒకదాని మీద ఒకటి రెండు పొరలుగ పరిచిండు. జెస్సికా మొదటి రోజు అలిగి దూరంగ కూసున్నది, రెండో రోజు దగ్గరికి జరిగింది, మూడో రోజు ఫోన్ తెచ్చి ఆయన చేతులకు ఎదురుంగ నిలబెట్టింది.

"రెండు పొరలు ఎందుకు తాతా?"

"ముందటిదొకటి, ఎనకదొకటి. దారం మోసే నాడె ముందటి పొరల నుంచి అటు పోతది. ఎనక పొరల నుంచి ఇటు వస్తది. గుండ్రంగ తిరుగుతది. పక్కలు అవే కలుస్తయ్. ఇగ కుట్టెక్కడిది?"

ఆయన అన్ని మాటలు ఒక్కసారి అనుడు జెస్సికా పుట్టినంక అదే మొదలు.

అయితే నేయబోయే ముందు ఒక చిక్కు వచ్చింది. ఎక్కడి నుంచి మొదలువెట్టాలె? కింది అంచు నుంచా? అట్లయితే మెడ కాడికి వచ్చేసరికి నేత ఆగిపోతది, భుజాలు కుట్టాలె. ఒక పూటంత మగ్గం ముందట ఊరికెనే కూసున్నడు. తినమంటే తినలే. ఆఖరికి పోయి బైబిలు తెచ్చుకొని, ఆ వచనం మీద వేలు పెట్టిండు. కుట్టు లేదని ఉన్నది. దాని పక్కకే ఇంకో మాట ఉన్నది. పైనుండి నేసినదని.

పైనుండి!

పదకొండుసార్లు చదివిండు. పదకొండుసార్లు ఆ మాట మీద నుంచి వేలు జారిపోయింది. భుజాల కాడ మొదలువెట్టాలె. అక్కడ రెండు పొరలు కలిపి నేసి, నడుమ మెడకు సందు ఇడవాలె. చంకల కాడ పొరలు విడదీసి చేతులకు దారి పెట్టాలె. ఆడికెల్లి కిందికి గుండ్రంగ పోతే ఇగ ఆగేదే లేదు. రాసినోడు ఊరికె రాయలే. ఆ అంగీని చేతుల పట్టుకొని చూసినోడు చెప్పిన మాట అది. ఆ మాట ఒక నేతగానికి తప్ప ఇంకెవ్వరికి అక్కర లేదు. రెండువేల ఏండ్ల సంది ఆ ముక్క తన కోసమే ఆగినట్టు అనిపించింది దేవదానానికి. కండ్లు తుడుచుకొని నాడె తీసిండు.

ఎనిమిది రోజులకు అంగీ మగ్గం దిగింది. జెస్సికా దాన్ని నెత్తి మీద నుంచి తొడుక్కొని వసారాల గిర్రున తిరిగింది. రాహేలు మూతి మీద చెయ్యి పెట్టుకొని చూసింది.

సైనికుల సీను మళ్ళ తీసిండ్రు. సైనికుని వేషం సాయితేజది. మంచి కండలు తిరిగిన పిలగాడు. మొదటిసారి తీసినప్పుడు, చింపుదామా అని అంగీని రెండు చేతులతోని గుంజి పీకి పెద్ద హంగామ చేసిండు. ఈసారి అంగీ చేతికి రాంగనే కుట్టు కోసం ఎతికిండు. లోపలికి తిప్పి చూసిండు. దొరకలే. అట్లనే నిలబడ్డడు.

"చింపుతా అన్నట్టు గుంజు, సాయీ!" అని జెస్సికా అరిసింది.

"నాతోని కాదు అక్కా" అన్నడు సాయితేజ. "తాత ఎనిమిది రోజులు కూసున్నడు. పాణం ఒప్పుతలేదు."

"చాలు" అన్నడు గోడ కాడ నిలబడ్డ దేవదానం. "ఆ సైనికులకు గూడ గిట్లనే అయింది."

జెస్సికా ఆ సీను అట్లనే ఉంచింది. మనిషికి మేకులు కొట్టిన చేతులకు గుడ్డ చింపబుద్ధి కాలే. ఆ సంగతి సినిమా తీసిన పిల్లలకు ఆనాడు తెలిసింది.

మట్టల ఆదివారం ఆరాధన అయినంక పెద్దలు కూసున్నరు. దేవదానం అంగీని బల్ల మీద పెట్టిండు. యాకయ్య దాన్ని వెలుగుకు పట్టి చూసిండు. చంకల కింద, భుజాల మీద, అంచు చుట్టూ వేలితోని తడిమిండు. తిరగేసి మళ్ళ తడిమిండు. టికెట్ లేనోన్ని పట్టుకోవాలని బోగీ అంత తిరిగినట్టు తిరిగిండు.

"అంగీ సరే దేవదానం. దీనికి వంక పెట్టలేను" అన్నడు ఆఖరికి. "మరి మరియమ్మ నేసినట్టు ఎక్కడున్నది?"

"ఎక్కడ లేదు."

"మరి?"

"ఎవరో ఒకరు నేసిండ్రు గదన్నా. పేరు రాయలే. నేత మాత్రం రాసిండ్రు." అంగీని మడుస్తనే చెప్పిండు. "రాసింది మార్చొద్దు. రాయంది చూపెడితే, మాది అని చెప్పి చూపెట్టాలె. ముందుగాల అధ్యాయం చదవాలె. ఎనక సినిమా. గట్లయితే నాకు సరే."

"అది ఎవరు చదువుతరు? ఎవరు చెప్తరు?"

"నేను."

పాస్టర్ గారి చేతిల చాయ గ్లాసు నోటి కాడికి పోకముందే ఆగింది. సంఘం పుట్టిన కాడికెల్లి దేవదానం నిలబడి మాట్లాడింది లేదు.

గుడ్ ఫ్రైడే నాడు చర్చి నిండింది. కుర్చీలు చాలక ముందటి వరుసల జనం దేవదానం నేసిన జంపఖానాల మీదనే కూసున్నరు. ఆయన వేలు పెట్టి, ఒక్కో మాట, అధ్యాయమంత చదివిండు. చాలసేపు పట్టింది. చదివి తల ఎత్తిండు.

"అంగీకి కుట్టు లేదు, పైనుండి నేసిండ్రు. చింపలే. ఇది రాసి ఉన్నది. ఎవరు నేసిండ్రో రాసి లేదు. తల్లి నేసిందని మా పిల్ల అనుకున్నది. అది పిల్ల మాట, వాక్యం కాదు. తెర మీద మరియమ్మ మొకం కనపడుతది, అది రెండో వీధి పిల్లది. నేసే చేతులు కనపడుతయ్." వీపు నిటారుగ అయింది. "అవి నావి. కొత్తవాడ దేవదానం చేతులు."

పోయి కూసున్నడు. సినిమా నడిచింది. తెర మీద నాడె అటు పోయి ఇటు రాంగనే, ఆడోళ్ళ వరుసల నుంచి రాహేలు గొంతు, దాచుకుందామన్నా దాగలే. "మా ఆయనే!"

ఆరాధన అయిపోయినంక కూడా జనం బల్ల మీద పెట్టిన అంగీ చుట్టే ఉన్నరు. వర్ధన్నపేట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, "ఇది మిషన్ మీద చేసిండ్రా?" అని అడిగిండు. యాకయ్య ఎదురు పోయిండు.

"మిషనా? తడిమి చూడు. కుట్టు దొరికితే నాకు చెప్పు. నేనే పట్టలేకపోయిన."

పండుగ పోయినంక రాహేలు సీరియల్ మళ్ళ మొదలైంది. యోసేపుకు తండ్రి రంగుల అంగీ తొడుగుతాండు. వసారాల నుంచి మగ్గం సప్పుడు వస్తాంది. వర్ధన్నపేట చర్చోళ్ళు ఇంకో అంగీ అడిగిండ్రు.

"ఏమయ్యా, జర వచ్చి చూడు" అన్నది ఆమె, అలవాటుగ.

మగ్గం ఆగింది. దేవదానం వచ్చి ఆమె పక్కన మంచం మీద కూసున్నడు. ముందటికి వంగి టీవీ దిక్కు పట్టి చూసిండు.

"మిల్లు బట్ట" అన్నడు. "చారలు అద్దినయ్, నేసినయ్ కావు. భుజం కాడ చూడు, కుట్టు. ఆ మెడ గూడ..."

"నోరు మూసుకొని చూడవయ్యా" అన్నది రాహేలు.

పెండ్లయిన యాభై రెండేండ్లల్ల ఆమె ఆయనతోని ఆ మాట అనుడు అదే మొదటిసారి.