ముందు చక్రాల చప్పుడు

బాలశౌరి జీపు కింద వెల్లకిలా పడుకుని గేరుపెట్టెకి అరచెయ్యి ఆనించి ఉన్నాడు. పైన డ్రైవరు ఆమోసు చిన్న లివరుని ముందుకీ వెనక్కీ నెడుతున్నాడు. ముందు చక్రాలకి కూడా పట్టు ఇచ్చే లివరు అది. నెట్టినప్పుడల్లా లోపల పళ్ళు కలిసిన అదురు బాలశౌరి చేతికి తెలుస్తోంది. కలుస్తున్నాయి. జారిపోవడం లేదు. మరి తప్పెక్కడ?

“పడతందా బాబాయ్?” అని ఆమోసు రెండుసార్లు అడిగాడు. జవాబు రాకపోయేసరికి దిగి, వంగి, మొహం కిందికి పెట్టాడు. బాలశౌరి ఆ పెదాలు చూసి, “పడతంది,” అన్నాడు.

డెబ్బైనాలుగు అక్టోబరు. నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. చల్లపల్లికి దిగువనున్న ఆ మిషను ఆస్పత్రికి ఉన్న బండి అదొక్కటే. ఇరవైమూడేళ్ళ క్రితం, అప్పట్లో ఆస్పత్రి నడిపిన మిషను దొరగారు మిలటరీ వేలంలో కొన్నారు దాన్ని. నడిపించుకు రావడానికి బెజవాడ షెడ్డులో పనిచేసే బాలశౌరిని తోడు తెచ్చుకున్నారు. బండి ఉండిపోయింది, అతనూ ఉండిపోయాడు. పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. భార్య కామెర్లతో ఆ ఆస్పత్రిలోనే పోయింది. దొరగారు ఊరు వదిలి వెళ్ళారు. బాలశౌరి మాత్రం జనరేటరు గది వెనకున్న చిన్న గదిలో పడుకుంటూ, తెల్లారగానే షెడ్డుకి వస్తూ, యాభైఎనిమిదో ఏట పడ్డాడు. అతని గురించి ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చెప్పుకోరు. బండి ఆగకపోతే మెకానిక్కు గుర్తుకు రాడు.

పోయిన ఈస్టరు రోజున గుడిలో అందరూ లేచి నిలబడ్డారు. అతనొక్కడే కూర్చుని ఉన్నాడు. గంట మోగిందని పక్కవాళ్ళని చూసి తెలుసుకున్నాడు. ఆ రోజు నుంచి అతనికి నిద్ర పట్టడం మానేసింది. మెకానిక్కుకి కళ్ళకంటే చెవులు ముఖ్యం. ఇంజనుకి స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగు ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పినవాడు, ఇప్పుడా పిడిలోంచి ఏమీ వినలేకపోతున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అరచేత్తో, స్క్రూడ్రైవరు పిడిని కరిచిపట్టిన పళ్ళతో, ఎదుటివాళ్ళ మొహాలతో నెట్టుకొస్తున్నాడు.

“నిన్న బురదలో తిప్పినప్పుడు ముందునించి ఏదో తకతకమంది బాబాయ్. ఎక్కడో తెలీలేదు,” అన్నాడు ఆమోసు.

బాలశౌరి ముందు చక్రాలు రెండూ జాకీతో లేపించాడు. లివరు వేసి, బండిని గేరులో ఉంచి, ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పాడు. కుడి చక్రం ఎదురు తిరిగింది. అంటే ఇరుసులు విరగలేదు. కానీ విరగబోయేది చేతికి దొరకదు. దాన్ని వినాలి.

అప్పుడే డాక్టరు ఎలిజబెత్ గొడుగు కూడా లేకుండా షెడ్డులోకి వచ్చింది. ఆమె వెనక మోకాళ్ళ దాకా బురదతో ఒకతను. నాగులు అతని పేరు. అతనిది సముద్రం ఒడ్డున పల్లెకారుల పల్లె. భార్య దానమ్మకి నిన్న పొద్దున నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది.

“మురుగుకాలవ దాటి నడిచొచ్చానండి. మంచం మీద మోసుకొద్దామంటే నీళ్ళు లాగేత్తన్నాయండి,” అన్నాడు నాగులు.

“బండి వెళ్తుందా బాలశౌరీ?” అంది డాక్టరు.

వెళ్తుందని చెప్పడం తేలిక. కాలవ మధ్యలో ముందు ఇరుసు తెగితే, లోపల దానమ్మ. వెళ్ళదని చెబితే, పల్లెలో దానమ్మ.

“ఒక్క అరగంటలో చెబుతానండి,” అన్నాడు.

డాక్టరు మందులు సర్దడానికి వెళ్ళింది. ఆమెతో వచ్చిన నర్సు జీవరత్నం గుమ్మంలోనే నిలబడింది. మెడలో స్టెతస్కోపు ఉంది. బాలశౌరి దాని వంక చూశాడు. తర్వాత నేల వంక చూశాడు. యాభైఎనిమిదేళ్ళలో అతను ఎవరినీ సాయం అడిగిన గుర్తు లేదు.

“సిస్టరమ్మా, ఆ గొట్టం పెట్టి చక్రం చప్పుడు వినిపెడతారా? నాకు... వినపడదు.”

జీవరత్నం చీర కొంగు దోపుకుని వచ్చి చక్రం పక్కన కూర్చుంది.

వెనక ఇరుసు కింద కూడా దుంగలు పెట్టి, బండిని గాలిలో నిలబెట్టి, ఆమోసు ఒకటో గేరులో నెమ్మదిగా నడిపాడు. స్టీరింగు తిప్పమని బాలశౌరి సైగ చేశాడు. జీవరత్నం ఎడమ పక్క విని తల అడ్డంగా ఊపింది. కుడి పక్క విన్నది. ఆమె నుదురు ముడిపడింది. అతనికి కనపడేలా మొహం తిప్పి, ఒక్కొక్క మాటే పలికింది.

“తిన్నగా ఉన్నప్పుడు బాగానే ఉంది బాబాయ్. తిప్పితేనే. రెండు దెబ్బలు కొట్టి, ఒకటి మింగుతోంది. గుండె జబ్బు వాళ్ళకి ఉంటుంది చూడండి, అలాగ.”

“క్రాసు!” అన్నాడు బాలశౌరి. చక్రం పక్కకి తిరిగినప్పుడు ఇరుసు వంగడానికి మధ్యలో ఉండే నాలుగు కొమ్ముల ఇనప ముక్క అది. విప్పి చూస్తే నిజమే. ఒక కొమ్ము దగ్గర సూదుల్లాంటి రోలర్లు పొడైపోయాయి. కొమ్ము మొదట్లో వెంట్రుకంత పగులు.

కొత్తది బెజవాడలోగానీ దొరకదు. ఆ దారిలో పామర్రు దగ్గర రోడ్డు మీద నీళ్ళున్నాయి. షెడ్డు వెనక తుక్కులో పడున్న పాత ఇరుసులోంచి ఒక క్రాసు ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు కూరి ఎక్కించాడు. నాగులు మూల నిలబడి అతని చేతుల వంకే చూస్తున్నాడు. మళ్ళీ జీవరత్నం విన్నది. “ఇప్పుడు మింగట్లేదు,” అంది.

“నేనూ వస్తాను,” అన్నాడు బాలశౌరి. పాత సామాను. ఇంట్లో కూర్చుని ఎదురుచూసే ఓపిక అతనికి లేదు. డాక్టరు ఆపరేషను గది సిద్ధం చెయ్యడానికి ఉండిపోయింది, జీవరత్నం, నాగులు వెనక ఎక్కారు.

వెళ్ళేటప్పుడు కాలవ మోకాలి లోతే. ఆమోసు చిన్న లివరు ముందుకి నెట్టాడు. బాలశౌరి దాని మీద చెయ్యి వేసి, రోగి నాడి చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. బండి దాటింది. దానమ్మని వెనక పడుకోబెట్టి తిరిగొచ్చేసరికి నీళ్ళు జానెడు పెరిగాయి. పొద్దున ఎక్కిన గట్టు విరిగి జారిపోయింది. దానమ్మ మూలగడం మానేసింది. అదే జీవరత్నాన్ని ఎక్కువ భయపెడుతోంది.

గట్టి నేల ఎక్కడుందో చూడ్డానికి బాలశౌరి కాన్వాసు బూట్లతోనే నీళ్ళలో దిగి ముందు నడిచాడు. నాగులు పక్కన నడిచాడు. ఒకచోట కాలి కింద ఇసక తగిలింది. రమ్మని చెయ్యి ఊపి, బండికి వీపు పెట్టి ఎదురు గట్టు వంక తిరిగి నిలబడ్డాడు.

బండి దిగింది. మధ్యలో వెనక భాగం పక్కకి ఊగి, ముందు భాగం అతని మీదకి జారింది. ఆమోసు హారను కొట్టాడు. ఆపకుండా కొట్టాడు. బాలశౌరి గట్టు వంకే చూస్తున్నాడు. ఎదురు గట్టు మీద కొంగలు ఒక్కసారిగా లేచాయి. అవెందుకు లేచాయా అనుకునేలోగా నాగులు చొక్కా పట్టుకుని పక్కకి లాగేశాడు. ఇద్దరూ నీళ్ళలో పడ్డారు. బంపరు జానెడు దూరంలోంచి పోయింది.

లేస్తూనే బాలశౌరి చూసింది కుడి ముందు చక్రాన్ని. అది పక్కకి తిరిగి ఉంది. బురదని కరుచుకుంటోంది. కాస్త జారి, మళ్ళీ కరిచి, బండిని గట్టు మీదికి లాగేసింది.

సాయంత్రం ఆపరేషను గది బయట బల్ల మీద బాలశౌరి, నాగులు పక్కపక్కన కూర్చున్నారు. ఉన్నట్టుండి నాగులు తలెత్తాడు. అతని మొహం ఒక్కసారిగా విచ్చుకుని, వెంటనే ఏడుపులోకి తిరిగింది. బిడ్డ ఏడ్చిందని బాలశౌరికి అలా తెలిసింది. కాసేపటికి జీవరత్నం తలుపు తీసి, దానమ్మ కూడా బాగానే ఉందని చెప్పింది.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి బాలశౌరి ఎదురుగా నిలబడింది. ఆమోసు చెప్పేసినట్టున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“పోయిన ఈస్టరు నుంచండి.”

“ఒక్కమాట నాకు చెప్పకూడదూ?”

“చెప్పి ఎక్కడికెళ్తానండీ?”

“ఎక్కడికీ వెళ్ళొద్దు. గేటు దగ్గర కూర్చో. వాచ్‌మెను పని.”

“దానికీ చెవులే కదండీ కావాల్సింది,” అని నవ్వాడు బాలశౌరి. ఆరు నెలలుగా గుండెల మీదున్న బరువు దిగాక వచ్చిన నవ్వు అది. “గన్నవరంలో మా చెల్లెలు రూతు ఉందండి. ఎన్నాళ్ళనుంచో రమ్మంటంది.”

బెజవాడలో చెవుల డాక్టరుకి ఎలిజబెత్ ఉత్తరం రాసిచ్చింది.

నాలుగో రోజుకి పామర్రు రోడ్డు తేలింది. ఆ పొద్దున ఆమోసుని జీపు కింద పడుకోబెట్టి, అతని అరచెయ్యి గేరుపెట్టెకి ఆనించి, పైన తనే లివరు నెట్టాడు బాలశౌరి. “తెలిసిందా?” అని అడిగాడు. ఆమోసు తెలిసిందన్నాడు. తర్వాత బాలశౌరి రేకుపెట్టె పట్టుకుని, రబ్బరు చెప్పులు వేసుకుని, ఇంకెవరినీ లేపకుండా గేటు దాటి బెజవాడ వెళ్ళే మొదటి బస్సు ఎక్కాడు.

షెడ్డు పిట్టగోడ మీద అతను కడిగి ఆరబెట్టిన కాన్వాసు బూట్లు అలాగే ఉన్నాయి, ఒకదానికి తాడు, ఇంకోదానికి తాడు తెగినచోట సన్నని రాగి తీగ, మడమల్లో ఇంకా కొంచెం కాలవ ఇసక.