వంతెన ఇవతల కాపురం

కోడలు లారీ తలుపు తీసి పట్టుకుని, "ఎక్కండి అత్తయ్యా, ఎండ ముదరకముందే కొంత దూరం లాగేద్దాం" అన్నప్పుడు కూడా ఆవిడకు నమ్మకం కుదరలేదు. దేశానికి ఈ చివరనున్న ఇంటిని ఆ చివరకు చేర్చాలి. కొడుకు ముందే వెళ్లి కొత్త ఉద్యోగంలో చేరిపోయాడు. సామాను చేరవేసేవాళ్లు రేపు మాపు అంటూ తిప్పుతుంటే, ఓడరేవులో క్రేను నడిపే కోడలికి ఒళ్లు మండింది. "రోజూ నేను ఎత్తి దించే పెట్టెల్లో మన ఇల్లు ఓ మూలకు రాదు" అని చిన్న లారీ ఒకటి అద్దెకు తెచ్చి వాకిట్లో నిలబెట్టేసింది.

అత్తగారిది కుట్టుపని. కొలిచి, గీసి, మళ్లీ కొలిచి, అప్పుడు కత్తెర పట్టే మనిషి. కోడలిది అనుకున్నదే తడవు చేసేసే రకం. ఇద్దరికీ పోట్లాటలు లేవు, అలాగని చనువూ లేదు. మధ్యలో మనవరాలు లేకపోతే రోజంతా "తిన్నారా", "తిన్నాను" తప్ప ఇంకో మాట దొర్లేది కాదు. పుట్టినప్పుడు పిడికెడంత ఉండి ఆస్పత్రి మొత్తం అదిరేలా ఏడ్చిందని ఆ పిల్లకు వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు మిరియం. ఇప్పుడిప్పుడే బోర్లా పడుతోంది. గొంతు మాత్రం ఏమీ తగ్గలేదు.

మొదటి రోజు హాయిగానే గడిచింది. ఇంజను చప్పుడే జోలపాటయి మిరియం కునుకు మీద కునుకు తీసింది. పాలకని ఆపినచోటల్లా కోడలు కిందికి దిగి, తాళ్లు లాగి చూసి, చక్రాలు తట్టి చూసి వచ్చేది. 'పర్లేదు, పిల్ల జాగ్రత్తపరురాలే' అనుకుంది అత్తగారు, పైకి మాత్రం అనలేదు.

రెండో రోజు చెట్టూ చేమా లేని మైదానంలో బండ్లన్నీ ఆగిపోయాయి. కనుచూపు మేర బారు. ఎదురుగా నడిచొచ్చిన పోలీసాయన సంగతి చెప్పాడు.

"ఎగువన వానలు పడి ఏరు పొంగిందమ్మా. వంతెన స్తంభాల దగ్గర మట్టి కొట్టుకుపోయిందట. ఇంజనీర్లు చూస్తున్నారు. సాయంత్రం అవుతుందో, రేపే అవుతుందో."

"వెనక్కి తిరిగి ఇంకో దారిన పోవచ్చా?"

"ఎలా తిరుగుతావు? నీ వెనక ఎన్ని ఉన్నాయో చూడు."

వాన కురిసిందెక్కడో గానీ ఇక్కడ ఎండ నిప్పులు చెరుగుతోంది. లారీ ముందుభాగం పొయ్యిలా కాలిపోతోంది. మిరియం ఏడుపు లంకించుకుంది. పాలు పడితే ఉమ్మేసింది. ఎత్తుకుంటే ఒంటి వేడికి ఇంకా గింజుకుంది. కాసేపటికి ఏడుపు సన్నగిల్లి మూలుగులోకి దిగింది. ఆ గొంతు తగ్గడంతోనే అత్తగారికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

కోడలు ఒక్క క్షణం పిల్ల మొహంలోకి చూసింది. పిల్లను అత్తగారి చేతుల్లో పెట్టి, వెనక్కి వెళ్లి, లారీ తలుపులు బార్లా తెరిచింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"ఇల్లు దించుతున్నా."

"నడిరోడ్డు మీదా! నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?"

"చూడనివ్వండి. చూసి ఓ చెయ్యి వేస్తే ఇంకా మంచిది."

అన్నట్టే వెనక లారీ డ్రైవరు, గుబురు మీసాలాయన, వచ్చి చెయ్యి వేశాడు. రోడ్డు పక్కన గట్టి నేల చూసి కోడలు చాప పరిచింది. పరుపును నిలబెట్టి ఎండవైపు గోడ చేసింది. కర్టెన్ రాడ్లు రెండు పాతి, సామాను మీద కప్పిన టార్పాలిన్‌ను లారీ అంచు నుంచి వాటికి లాగి కట్టింది. అత్తగారు కళ్లప్పగించి చూస్తుండగానే మంచం దిగింది, ఉయ్యాల దిగింది, ఆఖరికి గోడ అద్దం కూడా దిగింది.

"అద్దమెందుకే?"

"పిల్ల దాంట్లో చూసుకుంటే ఏడుపు మర్చిపోతుందిగా."

తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, అట్టముక్కతో విసురుతూ, చెంచాతో చుక్క చుక్కగా పాలు పట్టింది. చాలాసేపటికి మిరియం ఓ గుటక మింగింది. ఆ తర్వాత ఇంకోటి. మరి కాసేపటికి గుడ్డ తడిపింది. ఆ తడి చూసి అత్తాకోడళ్లిద్దరూ పండగ చేసుకున్నంత సంబరపడ్డారు.

ఇంతలో ముందున్న కారులోంచి ఒకావిడ మొహమాటపడుతూ వచ్చింది. "మా ఆయనకి ఆపరేషనై ఇంటికి తీసుకెళ్తున్నానండీ. కూర్చోలేకపోతున్నారు. కాసేపు నడుం వాల్చుకోనిస్తారా?"

కోడలు అత్తగారి వంక చూసింది. దించిన మంచం అత్తగారిది. దాని మీద మనవరాలిని తప్ప ఇంకెవర్నీ కూర్చోనివ్వదన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"అడగాలా నన్ను?" అంది అత్తగారు, కాస్త చిరాకుగానే. లేచి మూటలోంచి ఉతికిన దుప్పటి తీసి తనే పరిచింది. "దిండు కావాలేమో అడుగు. రెండున్నాయి."

ఆ తర్వాత తాగడానికి నీళ్లకని లారీ అవతలికి వెళ్లిన అత్తగారు అక్కడే ఆగిపోయింది. కోడలు చక్రానికి చేరగిలబడి ఉంది. సిగ్నల్ లేని ఫోను ఒళ్లో ఉంది. రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నా వణుకు ఆగడం లేదు.

ఇన్నాళ్లూ ఈ పిల్లకు భయమంటే తెలియదని, అందుకే దేనికైనా దూకేస్తుందని అనుకుందావిడ. తెలియకపోవడం కాదు. అంత భయాన్నీ కడుపులో పెట్టుకునే గుంజలు పాతింది, పాలు పట్టింది, ఎవరో ముక్కూమొహం తెలియనాయనకు చోటిచ్చింది. ఆవిడ వెళ్లి పక్కన చతికిలబడింది.

"పిల్లకేమన్నా అయ్యుంటే అత్తయ్యా..." అంది కోడలు. "నా మొండితనంతో తీసుకొచ్చాను."

"తీసుకొచ్చింది నువ్వే, కాచుకుందీ నువ్వే. నేనైతే కొలతలు తీసుకుంటూ కూర్చునేదాన్ని. ఇక లే. లేచి రెండు ముద్దలు తిను. పొద్దుట్నుంచీ నీ కడుపులో ఏం పడింది?"

రొట్టె తుంచి చేతికిస్తుంటే కోడలు కాదనకుండా తింది.

పొద్దు వాలుతుండగా కబురొచ్చింది. వంతెన మీద ఒక్కో బండినే వదులుతారట. డ్రైవరు తప్ప ఎవరూ అందులో ఉండకూడదు, మిగతావాళ్లు నడిచి దాటాలి. దించిన ఇల్లు మళ్లీ లారీ ఎక్కింది. మీసాలాయనే కాదు, నీడకని వచ్చి కూర్చున్న వాళ్లందరూ తలో సామానూ మోశారు.

అత్తగారు మిరియాన్ని గుండెకు హత్తుకుని వంతెన దాటింది. కింద ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. అటువైపు చేరాక, జనం ముందుకు పదమంటున్నా, ఆవిడ కదల్లేదు. తమ లారీ వంతు వచ్చింది. నత్తనడకన వంతెన ఎక్కింది. నడిమధ్యలో ఓ కుదుపు వచ్చి సామానంతా ఓ పక్కకు ఒరిగినట్టయింది. లారీ ముందు అద్దం వెనక కోడలి మొహం మాత్రం కదల్లేదు. చూపు చక్రం ముందు నేల మీదే. ఆగింది, బండిని నిలదొక్కుకోనిచ్చింది, మళ్లీ కదిలింది. ఎన్నో బట్టలు కుట్టిన ఆవిడకు చేతి ఒడుపంటే ఏమిటో తెలుసు. అంతటి ఒడుపు తన ఇంట్లోనే తిరుగుతుంటే ఇన్నాళ్లూ తేరిపార చూడనే లేదు.

లారీ వంతెన దాటి ఆగగానే, పక్కనున్న ఒకాయన, "భలే తోలిందండీ ఆ అమ్మాయి" అన్నారు.

"మా కోడలు" అంది ఆవిడ. ఆయనకు వినబడలేదేమోనని గొంతు పెంచి మళ్లీ చెప్పింది. "మా కోడలండీ!"

ఆ అరుపుకు ఉలిక్కిపడి మిరియం ఏడుపు అందుకుంది, చెవులు చిల్లులు పడేలా, ఎప్పటిలాగే. లారీలోంచి దూకి పరుగున వస్తూ కోడలు నవ్వేసింది.

మర్నాడు కొత్త ఇంటి గుమ్మంలో ఎదురొచ్చిన కొడుకు, పరుపుకంటిన మట్టినీ, వంగిపోయిన కర్టెన్ రాడ్లనూ చూసి, "దారిలో ఏం జరిగిందమ్మా?" అన్నాడు కంగారుగా.

"అంతా చెప్తా గానీ, ముందు దానికి నీళ్లు తోడి పెట్టు. నాలుగు చెంబులు పోసుకుని పడుకుంటుంది" అంది తల్లి, పిల్లను వాడి చేతుల్లో పెడుతూ.

"పిల్లకా?"

"పిల్లకు నేను పోస్తాను. నీ పెళ్లానికిరా!"