ఐదో ఇల్లు

బ్యాంకు వేలంలో రాయచూరులో ఇల్లు కొన్నాను. రిటైరయ్యాక శక్తినగర్ క్వార్టర్సు ఖాళీ చేయడానికి నాకు మిగిలింది పదకొండు రోజులు. శుక్రవారం పాలు పొంగించమని అయ్యవారు ముహూర్తం పెట్టారు.

తాళం తీయగానే నా భార్య నాగేంద్రమ్మ దేవుని గూటి ముందు ఆగిపోయింది. గూట్లో పసుపు పూసిన వెదురు బుట్ట, అందులో ఎల్లమ్మ ఇత్తడి ముఖం, ఎండిన వేపాకు. బ్యాంకువాళ్ల జాబితాలో అది 'పాత బుట్ట ఒకటి'.

"వేరేటోళ్ల తల్లి ఇంట్ల కూసుంది. పాలెట్ల పొంగిస్త?"

"కృష్ణల ఇడిసొస్త," అన్నాను.

"నిన్నే ఇడిసొస్త, పో!"

ఎల్లమ్మ బుట్టను ఆ ఇంటివాళ్లే తలకెత్తుకోవాలి. పరాయివాళ్లు మోసుకుపోతే తల్లిని వెళ్లగొట్టినట్టేనని నాగేంద్రమ్మ భయం.

ఆ ఇల్లు కిష్టప్పది. పత్తి వ్యాపారంలో దెబ్బతిని కాలం చేశాడు. భార్య సుంకవ్వ గిల్లేసూగూరులో తమ్ముడి దగ్గర ఉందన్నారు. ఆదివారం బస్సెక్కి వెళ్లాను. ఆమె అరుగు మీద జొన్నలు చెరుగుతోంది.

"అవ్వా, మీ బుట్ట మా ఇంట్ల ఉండిపోయింది. వచ్చి తీస్కపోండ్రి."

చేట ఆగింది. "మీ ఇంట్లనా?"

అనకూడని మాట అన్నానని అప్పుడు తెలిసింది.

"నేను ఊర్ల లేనప్పుడు బ్యాంకోళ్లు తాళమేసిన్రు. ఆ కడప మల్ల తొక్కనని ఒట్టేసుకున్న. ఇల్లు కొన్నోళ్లు, తల్లిని కొనలేదా?"

"కాయితంల ఆమె పేరు లేదవ్వా."

"నా పేరు ఉండెనా?"

తిరుగు బస్సులో ఆలోచించాను. దేవత గోడలతో ఉంటుందా, మోసేవాళ్లతో ఉంటుందా? ముప్పై ఏళ్లుగా ఏటా సత్యనారాయణ వ్రతం చేస్తున్నాను. ఆ కథలో దీనికి జవాబు లేదు.

నాగేంద్రమ్మ అంతా విని, కొత్తింటి పక్కవాళ్లను అడిగి వచ్చింది. సుంకవ్వ ప్రతి మంగళవారం ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని ఐదిళ్లు జోగు, అంటే ఎల్లమ్మ పేరున బిచ్చం, అడిగేదట.

"జోగుకొస్తే ఎవ్వరూ లోపటికి రారు. బుట్ట కడప మీదనే పెడ్తరు, ఇంటామె గింజలు పోస్తది. నువ్వు మల్ల పో. తీస్కపో అనకు. జోగుకు రమ్మను."

సోమవారం మళ్లీ వెళ్లి అదే చెప్పాను. సుంకవ్వ చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మంగళవారం నాగేంద్రమ్మ తలస్నానం చేసి, ఒక్కపొద్దు ఉండి ఎదురుచూసింది. ఎండెక్కాక సుంకవ్వ వచ్చింది. బుట్ట లేదు కాబట్టి కొంగు పట్టి ఒక్కో ఇల్లే అడుగుతూ వచ్చింది. నాలుగో ఇంటి దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత మా వాకిట్లోకి వచ్చి, గడపకు మూరెడు దూరంలో ఆగింది.

నాగేంద్రమ్మ బుట్టను తెచ్చి గడప మీద పెట్టి, రెండు దోసిళ్ల జొన్నలు పోసింది.

"ఉధో ఉధో!" అని ఎల్లమ్మకు జేజేలు పలికింది సుంకవ్వ. కొంగులోని గింజలు కూడా బుట్టలో పోసి, వంగి దాన్ని తలకెత్తుకుంది. కాలు గడపకు తగలలేదు.

"ఈ సందుల ఉన్నయే ఐదిండ్లు. ఒకటి మాదేనాయె. ఐదోదానికి పక్క సందుకు పోయేటిదాన్ని," అంది. "ఇప్పుడు ఈడనే సరిపాయె."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఏయ్ పిల్లా, నీ జొన్నలు పుచ్చినయి. వచ్చే మంగళారం మంచియి పెట్టు."

శుక్రవారం పాలు పొంగాయి. సోమవారం నాగేంద్రమ్మ నన్ను బజారుకు పంపి కొత్త జొన్నలు తెప్పించింది.