పళ్ల డాక్టరుగారి ఇంగ్లీషు తోట

ఇంగ్లండులో ఏదో సమావేశానికి వెళ్లొచ్చాక పళ్ల డాక్టరుగారి కంటికి ఇంట్లో ఏదీ ఆనలేదు. అక్కడ ఎవరింట్లోనో పెరట్లో కూర్చుని టీ తాగారట. దాని ముందు తమ పెరడు గొడ్లచావిడిలా ఉందట.

"మనం కూడా ఇంగ్లీషు తోట వేద్దాం. అందరం కలిసి," అన్నారు భోజనాల దగ్గర.

అందరూ అంటే భార్య, కాలేజీలో చదివే కూతుళ్లిద్దరు, వాళ్లతోనే ఉండే అత్తగారు. కలిసి వెయ్యడమంటే వాళ్లు తవ్వడం, ఆయన చూడడం. చూడడానికని ప్రత్యేకంగా గడ్డిటోపీ కొనుక్కుని, పేముకుర్చీలో కాలు మీద కాలు వేసుక్కూర్చున్నారు.

అత్తగారి టమాటా పాదులు పోయాయి. పచ్చిక పరిచారు. పురికొస కట్టి, టేపుతో కొలిపించి గులాబీలు, చామంతులు, గసగసాల మొక్కలు నాటించారు. ఏ మొక్కయినా వరస దాటి కాస్త ముందుకొస్తే దవడలో వంకరపన్ను కనిపించినట్టే విలవిల్లాడిపోయేవారు. కొన్నిటికి పళ్లకు బిగించినట్టు ఇనపతీగ బిగించారు. మిగతావి పీకించారు.

పీకినవాటిని అత్తగారు పాత బకెట్లో వేసుకెళ్లి నీళ్లట్యాంకు వెనక గుచ్చేది.

"అక్కడ చెత్తకుప్ప పెట్టకండి అత్తయ్యగారూ, పరువు పోతుంది."

"ప్రాణమున్న మొక్కలు అల్లుడుగారూ, పారెయ్యడానికి చెయ్యి రావట్లేదు. అయినా ట్యాంకు వెనక ఎవరు చూస్తారు?"

ఏడాది తిరిగి తోట పూర్తవగానే డాక్టరుగారు తనకు చదువు చెప్పిన ప్రొఫెసరమ్మను టీకి పిలిచారు. ఆవిడ ఇంగ్లండులో చాలా ఏళ్లు ఉండొచ్చిన మనిషి. పచ్చిక చుట్టూ ఓ తిరుగు తిరిగి, "శుభ్రంగా ఉందయ్యా, ఆసుపత్రిలా," అంది. అది పొగడ్తే అనుకుని డాక్టరుగారు పొంగిపోయారు.

చేతులు కడుక్కుంటానని ట్యాంకు వైపు వెళ్లిన ఆవిడ ఎంతకీ తిరిగి రాలేదు. అందరూ వెళ్లి చూస్తే నడుమెత్తు పూలలో నిలబడి ఉంది. చామంతులు, గసగసాల పూలు ఒకదాని మీదొకటి పడి విరగబూశాయి. తీగ గులాబీ ఒకటి విరిగిన నిచ్చెనను పూర్తిగా కమ్మేసింది.

"ఇదయ్యా తోటంటే. అక్కడ మా ఇంటి వెనక అచ్చం ఇలాగే ఉండేది. ఎవరు వేశారు?"

డాక్టరుగారు ఏమాత్రం తడుముకోలేదు. "నా ఆలోచనే మేడం. కావాలనే ఇలా వదిలాం."

"చెత్తకుప్ప కనబడకుండా దుప్పటి కట్టమని నిన్ననే అన్నావు కదా నాన్నా," అంది చిన్నకూతురు.

డాక్టరుగారు ముప్పైరెండు పళ్లూ కనిపించేలా నవ్వి, టోపీ సర్దుకున్నారు.

"మీరేనా వేసింది?" అని ప్రొఫెసరమ్మ అత్తగారిని అడిగింది.

"నేనేం వెయ్యలేదమ్మా. ఆయన పీకించారు, నేను గుచ్చాను."

ఆ పైవారం డాక్టరుగారు టేపు, పురికొస పట్టుకుని ఆ మూలకే వచ్చారు.

"బాగానే ఉంది గానీ కాస్త వరస తేవాలి. అందరూ రండి."

అన్నాళ్లూ నోరెత్తని భార్య చేతి తొడుగులు విప్పి ఆయన చేతిలో పెట్టింది. "మేం ఇంక తవ్వమండీ. వరస కావాలంటే మీరే తెచ్చుకోండి."

కూతుళ్లు పారలు గోడకు ఆనించేశారు. చేసేదిలేక డాక్టరుగారు తొడుగులు వేసుకుని, వంగి ఒక చామంతి దుబ్బు పట్టుకుని లాగారు. రాలేదు. రెండు చేతులతో లాగితే ఆకులు ఊడి చేతికొచ్చాయి, ఆయన వెల్లకిలా బురదలో పడ్డారు. అత్తగారు మర్యాదకు మొహం తిప్పుకుంది. కూతుళ్లకు అంత మర్యాద లేదు.

"లేవండి, టీ చల్లారిపోతోంది," అంది భార్య.

ఆయన లేచి, ఎవరి వైపూ చూడకుండా లోపలికెళ్లి టీ తాగారు. ఆ మూల జోలికి మళ్లీ పోలేదు.

ఇప్పుడు ఆస్పత్రిలో, నోట్లో దూది కుక్కించుకుని మాట్లాడలేని రోగులు దొరికితే చాలు, డాక్టరుగారు చెబుతుంటారు: "తోటను దాని మానాన దాన్ని పెరగనివ్వాలండీ. దానికి చాలా ఓపిక ఉండాలి. మా ఇంట్లో ఆ ఓపిక నాకొక్కడికే ఉంది."