ఎనిమిదో వంతెన

లిదియా మేడమ్‌కి ఆ వారం ఒంట్లో ఓపికన్నది మిగల్లేదు. పొద్దున సైన్సు పాఠాలు, మధ్యాహ్నం పిల్లల భోజనాల దగ్గర నిలబడటం, బడి విడిచాక ఓటర్ల ఫారాల సంచి భుజాన వేసుకుని ఫరంపేట వీధులన్నీ తిరగటం. ఏ తలుపు తట్టినా "మా ఆయన ఇంట్లో లేరండి, రేపు రండి" అనేవాళ్లే. ఆవిడ మోకాళ్లు అరిగిపోతున్నాయి తప్ప ఆ సంచి బరువు మాత్రం తగ్గటం లేదు. ఇవి చాలవన్నట్టు ఇటుకల పెట్టె ఒకటి.

పెట్టె అంటే మరీ పెద్దదేం కాదు. పిల్లలకు ఇంజినీరింగు నేర్పండంటూ ఏదో కంపెనీవాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ ఇటుకలు, చిల్లులున్న పొడుగు పట్టీలు, వాటిని కలిపే పుల్లలు. ఎనిమిదో తరగతిలో ముప్పై నలుగురు పిల్లలుంటే పెట్టె ఒక్కటే. నలుగురు కడుతుంటే ముప్పైమంది మెడలు సాచి చూడటమే. పని నచ్చితే ఇంకో నాలుగు పెట్టెలిస్తామన్నారు కంపెనీవాళ్లు. అందుకే తిట్టుకుంటూనే ఆవిడ దాన్ని వదల్లేదు.

ఆవిడ చెప్పిన పద్ధతి తేలికైనదే. రెండు బెంచీల మధ్య వంతెన కట్టాలి, నడిమధ్యన కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టాలి. పడితే పడనివ్వాలి. ఎందుకు పడిందో పుస్తకంలో రాసుకుని, మార్చి, మళ్లీ కట్టాలి. "నిలబడటం గొప్ప కాదర్రా, ఎందుకు నిలబడిందో తెలియాలి," అనేది.

ఈ పనిలో సాయిదివ్యది ఒట్టి మొండిపట్టు. దరియాలతిప్ప నుంచి సైకిలు తొక్కుకుంటూ వస్తుంది, తండ్రి వేటకెళ్తాడు. ఆ పిల్ల కట్టిన వంతెన ఏడుసార్లు కూలింది. పడీ పడీ ఉప్పు ప్యాకెట్టు చిరిగితే దానికి టేపు చుట్టాల్సి వచ్చింది. ఏడోది పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆగి, అప్పుడు నడుం విరిగింది.

"బరువంతా మధ్యలోనే కిందకి లాగేత్తందండీ," అంది సాయిదివ్య. "అటొకటి ఇటొకటి ఏటవాలుగా పట్టీలేత్తే, ఆ బరువు కాళ్ల మీదకి పోద్దేమోనండి."

"వేసి చూడు మరి."

అవి బిగించేసరికి బడి విడిచే గంట కొట్టారు. ఉప్పు పెట్టి చూసే తీరిక లేకపోయింది. "రేపు ముందుగా వచ్చి చూత్తానండీ," అని వెళ్లిందా పిల్ల. ఆ రేపే కంపెనీవాళ్లు వచ్చే రోజు.

పిల్లలు వెళ్లాక హెడ్మాస్టరు ఉమామహేశ్వరం గారు గుమ్మంలో నిలబడి వంతెన వంక అనుమానంగా చూశారు. "మేడమ్ గారూ, రేపు వాళ్ల ముందు ఇది పడిందంటే నాలుగు పెట్టెల మాట దేవుడెరుగు, ఉన్నది కూడా పట్టుకుపోతారండి. ఇంక మీ ఇష్టం."

మీ ఇష్టం అనేవాళ్లంతా అలా అనేసి చక్కా ఇంటికి పోతారు. లిదియా కుర్చీలో కూలబడింది. ఉప్పు పెట్టి చూస్తే తేలిపోయేదే. పడితే మళ్లీ కట్టేదెవరు? ఎదురుగా ఫారాల సంచి. ఇంటికెళ్తే వంట. ప్రభువా, ఈ ఒక్కసారికి, అనుకుని సొరుగులోంచి ఫెవిక్విక్ తీసి అతుకతుక్కీ ఒక్కో చుక్క వేసింది. అయిదు నిమిషాల పని.

మర్నాడు సాయిదివ్య రొప్పుకుంటూ వచ్చేసరికే కంపెనీ కారు గేటు దగ్గర ఆగి ఉంది. వచ్చినావిడ పేరు ధనశ్రీ, పాతికేళ్లుంటాయేమో. ఉప్పు ప్యాకెట్టు పెట్టారు. వంతెన నిలబడింది. రెండోది పెట్టినా కదల్లేదు. క్లాసంతా చప్పట్లు. సాయిదివ్య మొహం చేటంతైంది.

"ఇప్పుడీ ఏటవాలు పట్టీలు తీసెయ్. అవి లేకపోతే ఏమవుతుందో చూద్దాం," అంది ధనశ్రీ. మంచి ప్రశ్నే. మామూలు రోజుల్లో అయితే లిదియానే అడిగేది.

సాయిదివ్య పుల్ల పట్టుకు లాగింది. రాలేదు. ఇంకోటి లాగింది. వేలికి తెల్లటి జిగురు పెచ్చు అంటుకుంది. దాన్ని చూసుకుని, తలెత్తి లిదియా వంక చూసింది. ఆ చూపుకి లిదియాకి చచ్చినంత పనైంది.

"నేనే అంటించానండి," అంది సాయిదివ్య. "మేడమ్ గారికి తెలీదండి."

"కాదండి, నేనంటించాను," అంటూ లిదియా లేచింది. "నిన్న సాయంత్రం. ఆ పిల్లకి తెలీదు."

ధనశ్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి మెత్తగా నవ్వింది. "పిల్లని కాపాడటానికి మీ మీద వేసుకుంటున్నారా మేడమ్? ఇలాంటి టీచర్లు ఎంతమందుంటారు చెప్పండి."

"అది కాదండి, నిజంగానే నేను..."

"మా లిదియా మేడమ్ ఎప్పుడూ ఇంతేనండి," అని ఉమామహేశ్వరం గారు అందుకున్నారు. "పిల్లలంటే ప్రాణం."

లిదియా మూడోసారి చెప్పబోయింది. ఓపిక చాలక ఊరుకుంది. ధనశ్రీ సాయిదివ్య భుజం మీద చెయ్యేసి, ఇంకెప్పుడూ ఇలా మోసం చెయ్యకూడదమ్మా అని నచ్చజెప్పింది. "సరేనండి," అందా పిల్ల తల వంచుకుని. నాలుగు పెట్టెలూ ఈ బడికేనని రాసుకుని, చాయ్ తాగి కారెక్కి వెళ్లిపోయింది ధనశ్రీ.

లిదియా ఆ పిల్లని వరండాలోకి పిలిచింది. "నా తప్పు నువ్వెందుకే నెత్తినేసుకున్నావు?"

"మీరసలే అలిసిపోయి ఉన్నారు కదండీ. పెట్టెలు కూడా రావాలి కదండీ." తలుపులోంచి వంతెన వంక చూసి, "అంటించకపోతే నిలబడేదాండీ?" అని అడిగింది.

"ఏమో తల్లీ. చూడకుండానే అంటించేశాను." లిదియా ఆ పిల్ల వేలికున్న జిగురు పెచ్చు గిల్లి తీసింది. "పెట్టెలొచ్చాక మళ్లీ కడుదువుగాని."

"కడతానండీ. అది నిలబడినా, మళ్లీ అంటించాననే అంటారు కదండీ అందరూ."

"నేను చెప్తానుగా, నేనే అంటించానని."

"ఇందాక కూడా చెప్పారు కదండీ మేడమ్," అంది సాయిదివ్య.